మా ఆయన రెండు వేళ్ళు

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషని అందరూ అంటారు. ఆ లోటు నేను తీరుస్తున్నాను కాబట్టి సంసారం గడిచిపోతోంది. ఇద్దరమూ ఒకే వడ్రంగి షెడ్డులో పనిచేస్తాం. ఆయన చెక్క కోసి, చిత్రిక పట్టి ఇస్తే, దాన్ని గరుకు పేపరుతో రుద్ది పాలిష్ వెయ్యడం నా వంతు. పదహారేళ్ళుగా ఇదే వరస. ఇంట్లో పోట్లాడుకుని వచ్చిన రోజైనా సరే ఆయన చెక్క నా బల్ల మీదికి రాక తప్పదు. అందుకని మా అలకలు మధ్యాహ్నం దాటి నిలవవు.

ఆయన పనితనం సంగతి చెప్పాలి. చెక్క నున్నగా వచ్చిందో లేదో అందరూ వెలుతురుకి ఎత్తి చూసుకుంటారు. ఈయన కళ్ళు మూసుకుని, కుడిచేతి నడిమి వేలూ దాని పక్క వేలూ చెక్క మీద మెల్లగా జరుపుకుంటూ పోతాడు. ఉన్నట్టుండి ఆగి "ఇక్కడ చిన్న ఎత్తుంది" అంటాడు. నేను వంగి చూస్తే ఎత్తూ లేదు, పల్లమూ లేదు. "ఉంది మీ మొహం" అని కొత్తలో పాలిష్ వేసేసేదాన్ని. ఆరాక చూస్తే సరిగ్గా అక్కడే వెలుగు వంకర తిరిగేది! పెళ్ళైన ఏడాదిలోపే ఓటమి ఒప్పేసుకున్నాను. మా షెడ్డు మేస్త్రికి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. అంతటివాడు కూడా ఈయన వేళ్ళు సరేనంటే మారుమాట్లాడడు.

ఆ వేళ్ళే పోయినేడు మిషను కింద పడ్డాయి.

మా దగ్గర చిత్రిక పట్టే కరెంటు మిషనుంది. బల్ల మధ్యలో సందు, ఆ సందులోంచి కత్తులు కొంచెం పైకి తేలి గిర్రున తిరుగుతుంటాయి. చెక్కని పైనుంచి అదిమి పట్టి వాటి మీదుగా తొయ్యాలి. పొట్టి ముక్కైతే చేత్తో తొయ్యకూడదు, పిడి ఉన్న తోపుడు చెక్క వేరే ఉంటుంది. ఆ సంగతి ఈయనకి తెలియక కాదు, కొత్తవాళ్ళకి నేర్పేదే ఈయన. కానీ వడ్రంగులందరికీ ఒక జబ్బుంది. దాని పేరు "ఇంకొక్క తోపు". పని దాదాపు అయిపోయింది, తోపుడు చెక్క ఎక్కడో అవతలి బల్ల మీదుంది, నాలుగడుగులు వేసి తెచ్చుకునే లోపు పనే పూర్తవుతుంది కదా, ఇంకొక్క తోపే కదా అనుకుంటారు. ఆరోజు ఈయన చేతిలో ఉన్నది జానెడు ముక్క. అది ఎగిరి గోడ దగ్గర పడింది. అదిమి పట్టిన వేళ్ళు కత్తుల మీదికి పోయాయి.

అరిచాడా అంటే అదీ లేదు. మిషను ఆపి, తువ్వాలు చేతికి చుట్టుకుని నా దగ్గరికొచ్చి, "ఒకసారి ఆసుపత్రిదాకా వెళ్ళొద్దాం, రా" అన్నాడు, టీ తాగొద్దాం అన్నట్టు. నెత్తుటితో తడిసిన తువ్వాలు చూసి, చేతిలో పేపరు పారేసి ఆయన వెంట పరిగెత్తాను. రెండు వేళ్ళ కొసల్లోనూ కండ లేచిపోయింది. ముంజేతి నుంచి చర్మం తీసి అక్కడ అతికింది డాక్టరమ్మ. "వేళ్ళు నిలిచాయి. స్పర్శ మాత్రం రావచ్చు, రాకపోనూవచ్చు. అది వచ్చేదాకా మిషను జోలికి వెళ్ళొద్దు. ఈసారి తెగినా మీకు తెలియదు" అంది. నేను బుద్ధిగా తలూపాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇంట్లో ఉన్న ఆ రెండు నెలలూ మా అత్తయ్య మిషన్ని కనిపెట్టిన వాణ్ణి పూటకోసారి తిట్టింది. చూడ్డానికొచ్చిన వాళ్ళు ఊరికే రారు కదా, ఎవరికి తెలిసిన తెగిన వేలి కథ వాళ్ళు పట్టుకొచ్చారు. ఒకాయన ఏకంగా కాలి కథ ఎత్తుకున్నాడు. "మంచిమాట ఉంటే చెప్పండన్నయ్యా, లేదంటే టీ తాగి వెళ్ళండి" అన్నాను. అత్తయ్య నన్ను కసిరింది గానీ, మా ఆయన చాలా రోజుల తర్వాత నవ్వాడు.

కట్లు విప్పిన మర్నాడే షెడ్డుకి బయల్దేరాడు. స్పర్శ వచ్చిందా అని మేస్త్రి అడిగితే, "వచ్చింది, అంతా మామూలే" అన్నాడు. నాతోనూ అదే మాట. మళ్ళీ మిషను దగ్గర నిలబడ్డాడు. నేను సంతోషంగా నా పని చేసుకున్నాను. మొద్దుని కాకపోతే అప్పుడే గమనించాల్సింది. చెక్క మీద వేళ్ళు జరిపేటప్పుడు ఈ మనిషి కళ్ళు మూసుకోవడం మానేశాడు.

ఒక పొద్దున పొయ్యి మీది పాలగిన్నె దించబోయి పట్టకారు కోసం వెతుకుతున్నాను. ఆయన అటువైపు నుంచి వచ్చి, గిన్నె అంచు పట్టుకుని నింపాదిగా దించి పక్కన పెట్టాడు. బొటనవేలు చురుక్కుమన్నాక గానీ చెయ్యి తియ్యలేదు. ఆ రెండు వేళ్ళ మీదా చూస్తుండగానే బొబ్బలు లేచాయి. "మంటగా లేదూ?" అన్నాను. "కొంచెం" అన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం రెండు గరుకు పేపరు ముక్కలు తెచ్చాను. ఒకటి ముతకది, ఒకటి సన్నది. "కళ్ళు మూసుకుని, ఆ రెండు వేళ్ళతో తడిమి ఏది ఏదో చెప్పండి చూద్దాం" అన్నాను. "నీకేమన్నా పిచ్చా?" అన్నాడు. "పిచ్చే. చెప్పండి." ఆయన రుద్దాడు. సన్నదాన్ని పట్టుకుని ముతకదన్నాడు. ముతకదాన్ని పట్టుకుని అదీ ముతకదేనన్నాడు. కళ్ళు తెరిచి నా మొహం చూసి, పేపర్లు రెండూ ఉండచుట్టి పారేశాడు.

కోపం పీకలదాకా వచ్చింది నాకు. రెండు నెలలుగా ఆ కత్తుల దగ్గర ఏ ధైర్యంతో నిలబడుతున్నట్టు? "రేపే మేస్త్రికి చెప్తాను" అన్నాను.

"చెప్పకు" అన్నాడు. "అందరూ నా దగ్గరికి చెక్క పట్టుకొచ్చేది ఈ వేళ్ళ కోసమే. ఇవి పోయాయని తెలిస్తే ఇంక నేనెవర్నే? ఒక్క నెల చూద్దాం. వస్తుందేమో."

పదహారేళ్ళలో ఆ మనిషి నన్ను బతిమాలడం అదే మొదలు. మనసు కరిగి సరేనన్నాను. తప్పు చేశాను, నాకు తెలుసు. అప్పటి నుంచి నా చేతులు పాలిష్ మీద, చెవులు మిషను మీద. అది ఆగితే ప్రాణం పోయేది, తిరుగుతుంటే ఇంకా పోయేది.

నెల తిరక్కముందే ఎనిమిదిమంది కూర్చునే భోజనాల బల్ల పని వచ్చింది. దాని పైచెక్కని ఆయనే మిషనెక్కించాడు, ఆయనే తడిమి చూసి సరేనన్నాడు. నేను రుద్ది పాలిష్ వేశాను. ఆరాక మేస్త్రి వచ్చి ఓరగా వంగి చూశాడు. ఈ కొస నుంచి ఆ కొసదాకా అడ్డంగా గాట్లు, మెట్లుమెట్లుగా. ఆయన చేతి కింద నుంచి అలాంటి చెక్క ఎన్నడూ బయటికి రాలేదు.

"ఎవరిదీ నిర్వాకం?" అన్నాడు మేస్త్రి.

మిషను ఇంకా తిరుగుతోంది. ఆయన దాని దగ్గరే, మాకు వీపు పెట్టి ఉన్నాడు. "నాదేనండీ" అన్నాను. "పేపరు సరిగ్గా కొట్టలేదు."

మేస్త్రికి ఆమాత్రం దొరికితే చాలు. కళ్ళు నెత్తికెక్కాయన్నాడు, ఇన్నేళ్ళొచ్చినా పని రాలేదన్నాడు, నోటికున్న పదును చేతికి లేదన్నాడు. షెడ్డంతా పని ఆపి చూస్తోంది. నేను తలొంచుకుని బల్ల అంచు గీకుతూ నిలబడ్డాను. నాలాంటిదాన్ని నోరు మూసుకుని తిట్లు తినమంటే ఎంత కష్టమో మీకేం తెలుసు!

మిషను చప్పుడు ఆగిపోయింది. ఆయన నెమ్మదిగా వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఆమెనేమీ అనకండి" అన్నాడు. "ఆ గాట్లు మిషనువి. నేను చూసుకోలేదు. నాకు ఈ రెండు వేళ్ళకీ స్పర్శ లేదు. ఒక్కరోజు కూడా రాలేదు. అబద్ధమాడాను."

మేస్త్రి మొహం మొదట ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. "మూణ్ణెల్లు! మూణ్ణెల్లుగా ఆ చేత్తో నా మిషను మీద పనిచేశావా? చెయ్యి మొత్తం పోయుంటే నీ తల్లికి నేనేం చెప్పుకోనురా?" అని అరిచాడు. వెళ్ళి మిషను స్విచ్చు దగ్గర నిలబడి, రేపటి నుంచి దాని ఛాయలకి రావద్దన్నాడు. చెక్కలు కలిపే బిగింపులు చూసుకో, కోతకి గీతలు గీసివ్వు, కొత్తవాళ్ళకి పని చెప్పు, కత్తుల దగ్గరికి మాత్రం వద్దు అన్నాడు. ఈయన సరేనన్నాడు. ఆ మధ్యాహ్నమంతా ఆయన దగ్గరికి ఒక్కరూ చెక్క పట్టుకురాలేదు. ఖాళీ బల్ల ముందు కూర్చుని పెన్సిలు చెక్కుకుంటుంటే చూడలేక నేను అటు తిరిగి పనిచేశాను.

సాయంత్రం ఇంటికి నడుస్తున్నాం. నాకు లోపల ఎంత తేలికగా ఉందో చెప్పలేను, ఆయన్ని చూస్తే అంత బాధగానూ ఉంది. పెద్ద రోడ్డు దాటేటప్పుడు బండ్లు ఎక్కువగా వస్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. దాటాక కూడా వదల్లేదు.

"చెక్క సంగతి పోనీ" అన్నాడు, నేలకేసి చూస్తూ. "నీ చెయ్యి పట్టుకున్నా ఈ వేళ్ళకి తెలియట్లేదే. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. ఇదొక్కటి ఎవరికి చెప్పుకోను?"

నడిరోడ్డని కూడా చూసుకోకుండా ఏడుపొచ్చేసింది నాకు. ఆయన చుట్టూ తిరిగి అటుపక్కకి వెళ్ళి, ఎడమచెయ్యి పట్టుకున్నాను.

"ఇది తెలుస్తోందా?"

"ఇంత గట్టిగా పట్టుకుంటే తెలియక ఛస్తుందా? నొప్పెడుతోంది."

"పెట్టనివ్వండి" అన్నాను.