ప్రాణభయం

బంగారుపాళ్యం మండలంలో గంగాధరం అంటే ఏ గంగాధరం అని అడుగుతారు. తుపాకి గంగాధరం అంటే మాత్రం అడవిపందులకు కూడా తెలుసు. అడవి అంచున ఆయనకు చెరకు తోట, దాని పక్కనే మామిడి తోట ఉన్నాయి. వాళ్ళ నాయన నాటి ఒంటిగొట్టం తుపాకి ఆయన పేరు మీదికి మారింది. పందులు దిగినా, ఏనుగులు దిగినా గట్టు మీద నిలబడి ఆకాశంలోకి ఒక దెబ్బ వేసేవాడు. ఆ తుపాకి ఆకాశాన్ని తప్ప దేన్నీ కొట్టలేదని ప్రమాణం చేసి చెప్పేవాడు. ఏనుగుల వరకు ఆ మాట నిజమే. పందుల సంగతి ఊళ్ళో ఎవరూ గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళు కాదు.

ఆయన బెల్లం చిత్తూరులో హరినాథ్ మండీకి వెళ్ళేది. మండీ యజమానికీ రైతుకూ మధ్య సాధారణంగా పుట్టేది తగువు. వీళ్ళిద్దరికీ మాత్రం అది స్నేహంగా మారింది. గంగాధరం బెల్లం దింపి వచ్చిన రోజు హరినాథ్ ఇంట్లోనే భోజనం. హరినాథ్ భార్య రేవతి ఆయనకు ఉలవచారు విడిగా తీసిపెట్టేది. హరినాథ్ కూతురు పవిత్ర మామా మామా అంటూ ఆయన జేబులు వెతికేది. హరినాథ్ వట్టి మాటకారి, నవ్వులపుట్ట. గంగాధరం ముక్కుమీద కోపం ఉన్న మనిషి. ఇద్దరికీ ఎలా పొసిగిందో వాళ్ళకే తెలియాలి.

ఒక సాయంత్రం మండీ మూసి ఇంటికి వస్తున్న హరినాథ్‌ను ఇద్దరు బండి అడ్డం పెట్టి బెదిరించారు. ఏమీ జరగలేదు కానీ మనిషి అదిరిపోయాడు. చేతితుపాకికి దరఖాస్తు పెట్టాడు. ఆ కాగితంలో కారణం రాయాలి. గంగాధరం లైసెన్సులో కారణం పంటరక్షణ. హరినాథ్ తన దానిలో ప్రాణభయం అని రాశాడు. ఆ రోజు ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుకున్నారు.

"నాది ప్రాణభయం, నీది పందుల భయం. సర్కారోడు ఇద్దరికీ ఒకే తాయెత్తు కట్టినాడు సూడప్పా," అన్నాడు హరినాథ్.

అప్పటినుంచి అది వాళ్ళిద్దరి మధ్యా వేళాకోళం అయిపోయింది. ఫోన్ ఎత్తితే చాలు, "ఏమప్పా పందుల భయం, బాగుండావా?" అనేవాడు హరినాథ్.

తుపాకి కొనడానికి ఇద్దరూ కలిసి మద్రాసు వెళ్ళారు. హరినాథ్ కళ్ళు పిస్టలు మీద పడ్డాయి. పలచగా, నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. చొక్కా కింద పెట్టుకుంటే ఉబ్బెత్తుగా కనబడదని అంగడివాడు పొగిడాడు. గంగాధరం ఒప్పుకోలేదు.

"పిస్టలు నీకొద్దబ్బా. దానికి స్ప్రింగులు, నూనెలు, నూరు సోకులు. నువ్వు స్కూటరుకే ఆయిల్ మార్పించవు. రివాల్వరు అయితే గమ్మున ఉంటాది. పదేండ్లు బీరువాలో పడేసినా పిలిస్తే పలుకుతాది. అక్కరకు మొరాయించకూడదు, అదొకటి చాలు."

హరినాథ్ కాసేపు పిస్టలు వైపు ఆశగా చూసి, చివరికి స్నేహితుడి మాటే విన్నాడు. ముప్పైరెండు బోరు రివాల్వరు తీసుకున్నాడు.

ఆ కాలంలో జిల్లాలో తుపాకి లైసెన్సులు ఉన్నవాళ్ళందరికీ ఒకటే సంఘం. ఏటా ఒకసారి తిరుపతిలో ఏదో ఒక లాడ్జి హాలులో కలిసి, భోంచేసి, కలెక్టరుకు ఒక అర్జీ రాసుకుని, వీలైతే కొండకు వెళ్ళి దర్శనం చేసుకుని వచ్చేవాళ్ళు. ఒక ఏడు ఆ అర్జీలోనే నిప్పు పుట్టింది. పంట తుపాకుల రెన్యువల్ మొదట రాయాలా, వ్యాపారులకు చేతితుపాకులు ఇవ్వాలన్నది మొదట రాయాలా? వినేవాళ్ళకు నవ్వొచ్చే తగాదా అది. అక్కడ మాత్రం కుర్చీలు లేచాయి.

"నడుముకు కట్టుకోని ఊరేగే మీవల్లే ఆఫీసర్లు మమ్మల్ని రౌడీల మాదిరి సూస్తా ఉండారు," అన్నాడు గంగాధరం.

"కుందేళ్ళు కొట్టి కూర వండుకునే మీవల్లే మా లైసెన్సులు ఆగినాయి," అన్నాడు హరినాథ్ పక్కనున్న ఒక వ్యాపారి.

గంగాధరం హరినాథ్ వైపు చూశాడు. అడ్డుపడతాడనుకున్నాడు. హరినాథ్ అలవాటుకొద్దీ నవ్వాడు. ఆ నవ్వు గంగాధరానికి కత్తిలా దిగింది. లేచి వచ్చేశాడు. రైతులంతా ఆయన వెనకే వచ్చేశారు. ఆ సాయంత్రానికి సంఘాలు రెండయ్యాయి. పంటకాపు తుపాకుల రైతు సంఘానికి గంగాధరం అధ్యక్షుడు. పాత సంఘానికి హరినాథ్ అధ్యక్షుడు. మరుసటి బెల్లం వేరే మండీకి వెళ్ళింది.

వాడే ముందు మాట్లాడాలని ఈయన, వీడే ముందు రావాలని ఆయన. పెద్దవాళ్ళ పంతం పిల్లల పంతం కన్నా చెడ్డది. పిల్లలు ఆకలేస్తే మరిచిపోతారు.

అలాగే ఏళ్ళు గడిచాయి. నిరుడు రేవతి పోయింది. గంగాధరం వెళ్ళాడు. గేటు దగ్గర గుంపు వెనక నిలబడి, హరినాథ్ తల ఎత్తేలోపే బస్సెక్కి వచ్చేశాడు. లోపలికి వెళ్ళింది ఆయన భార్య చంద్రకాంతమ్మ మాత్రమే. ఆ తరువాత కూడా ఆమె అప్పుడప్పుడూ వెళ్ళి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఒకటే పోరు.

"హరినాథన్న మనిషి మనిషిగా లేడయ్యా. గడ్డం తీసుకోడు. పెట్టింది తినడు. పలకరిస్తే గోడకేసి సూస్తాడు. పవిత్ర తిరుపతిలో కాలేజీకి పోవల్ల, ఇంటికీ రావల్ల, ఆ పిల్ల చిక్కి సగమైంది. నువ్వు ఒక్కసారి పోయి కూసోని రా. నీ మాటకు నవ్వుతాడు."

"వాడే రానీ. నేను వద్దన్న్యానా?" అనేవాడు గంగాధరం. అన్న తరువాత చాలాసేపు తోటలో తిరిగేవాడు. వెళ్ళాలని ఆయనకు ఎంతగా ఉండేదో ఆయన కాళ్ళకు తెలుసు. నోరే అడ్డం.

అంతలో ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలంటే లైసెన్సు ఉన్న ప్రతివాడూ తన తుపాకిని స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోవాలి. ఫలితాలు వచ్చి అంతా సద్దుమణిగాక మళ్ళీ తెచ్చుకోవాలి. బంగారుపాళ్యం స్టేషను వరండాలో ఆ రోజులు తిరునాళ్ళే. పాత తుపాకులు గోతపు సంచుల్లో, టవళ్ళలో చుట్టుకుని వస్తారు. పిస్టలు మేలా రివాల్వరు మేలా అని గంటల తరబడి వాదించుకుంటారు. అందులో సగం మంది రెంటినీ చేతితో ముట్టినవాళ్ళు కాదు. చేతిలో ఆయుధం ఉన్నప్పటికన్నా అప్పగించి ఉత్తచేతులతో కూర్చున్నప్పుడే మగవాళ్ళ నోళ్ళు జోరుగా పేలతాయి.

ఫలితాలు వచ్చాయి. రైతులు పరుగున వెళ్ళి తమ తుపాకులు తెచ్చుకున్నారు. పందులు ఎవరి గెలుపు కోసమూ ఆగవు కదా. గంగాధరం సంఘంలో కార్యదర్శి కుప్పయ్య ఒక రోజు చిత్తూరు వెళ్ళి ముఖం వెలిగిపోతూ వచ్చాడు.

"అన్నా, ఒక సంగతి తెలుసునా? అందురూ తీసకపోయినారు. నీ హరినాథు మాత్రం రివాల్వరు ఇంకా స్టేషన్లోనే వదిలిపెట్టుండాడు. రమ్మని పోలీసోళ్ళు రెండుమాట్లు ఫోన్ చేసినా పోలేదంట."

గంగాధరానికి ఒక్క క్షణం ఏదో కలుక్కుమంది. ఎందుకు తెచ్చుకోలేదు అనే ప్రశ్న మనసులో లేచింది. స్నేహితుడైతే దాని వెంటే పోయేవాడు. ఆ క్షణంలో ఆయన అధ్యక్షుడు. ఇంతకన్నా మంచి ఆధారం దొరకదని తోచింది. కుప్పయ్య ఫోన్ తీసుకుని, ఒక్కో అక్షరం నొక్కి రాశాడు.

"ప్రాణభయం అని రాసి తెచ్చుకున్న చేతితుపాకిని ఒక సంఘ అధ్యక్షుడు స్టేషన్లో పడేసి మరిచిపోయాడు. ఇదేనా ప్రాణభయం? పందుల భయం ఉన్నవాడు ఒక్క పూట కూడా మరిచిపోడు. అధికారులు ఎవరికి ముందు లైసెన్సు ఇవ్వాలో ఆలోచించాలి."

పేరు పెట్టలేదు. కుప్పయ్య ఫోన్ నుంచే పంపించాడు. పొద్దు గూకేలోపు అది రెండు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లోనూ, జిల్లాలో తుపాకి ఉన్న ప్రతి ఇంట్లోనూ తిరిగింది. వ్యాపారులు ఉలిక్కిపడ్డారు. నువ్వు తెచ్చుకోకపోతే మా అందరి ప్రాణభయాలూ బూటకమంటారు, లైసెన్సులు ఊడతాయి అని హరినాథ్‌కు వరసగా ఫోన్లు చేశారు. రెండో రోజు ఆయన స్టేషనుకు వెళ్ళి రివాల్వరు తీసుకున్నాడు.

ఆ సంగతి తెలిసి గంగాధరం మీసం దువ్వుకున్నాడు. కానీ మనసులోపల ఇంకో ఆశ ఉంది. పందుల భయం అన్న మాట చూశాక హరినాథ్‌కు అర్థం కాకుండా ఉంటుందా? ఫోన్ చేస్తాడు, నోటికొచ్చినట్టు తిడతాడు. తిట్టినా చాలు, మాట కలుస్తుంది. రెండు రోజులు ఆయన ఫోన్‌ను తోటకు కూడా తీసుకెళ్ళాడు.

మూడో రోజు ఫోన్ మోగింది. చేసింది కుప్పయ్య.

"అన్నా... హరినాథు కాల్చుకోని చచ్చిపోయినాడంట. తెల్లారి పాలోడు వచ్చి సూసినాడంట."

అప్పుడు గంగాధరం ఇంటి పక్క తోట గట్టు మీద ఉన్నాడు. ఏరి కోరి తాను ఇప్పించిన రివాల్వరు మొరాయించలేదు. ఆ సంగతి మనసుకు తట్టగానే ఆయన నోట్లోంచి వచ్చిన శబ్దం విని చంద్రకాంతమ్మ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

అంత్యక్రియలకు రెండు సంఘాలూ వచ్చాయి. విడిపోయాక అందరూ ఒక్కచోట చేరడం అదే మొదలు. భార్య పోయిన దిగులు అన్నారు కొందరు. వ్యాపారం దెబ్బతిన్నదేమో అన్నారు ఇంకొందరు. ఆ రివాల్వరు ఇక కూతురి పేరు మీదికి మారుతుందా, సర్కారుకు పోతుందా అని వాదించుకున్నవాళ్ళూ ఉన్నారు, మంట ఇంకా ఆరకముందే. ఇలాంటి వాళ్ళకు భాష ఎందుకు ఇచ్చాడో దేవుడు.  ఆ మెసేజి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తుతారేమోనని గంగాధరం భయపడ్డాడు. ఎవరూ ఎత్తకపోయేసరికి ఇంకా భయపడ్డాడు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక పవిత్ర ఆయన్ను లోపలి గదిలోకి పిలిచింది. ఒకప్పుడు జేబులు వెతికిన పిల్ల ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతోంది. కళ్ళ కింద నల్లగా ఉంది. ఆయనకు మజ్జిగ గ్లాసు ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"మామా, అందురూ నాయన దాన్ని మరిచిపోయినాడని అనుకుంటా ఉండారు. మరిచిపోలేదు మామా. అమ్మ పోయినాక ఒకనాడు నా దగ్గర ఏడ్చినాడు. 'అది బీరువాలో ఉంటే నామీద నాకే నమ్మకం లేదు పాపా' అన్నాడు. డాక్టరు దగ్గరికి పిల్చుకోని పోయినాను. ఎన్నికలని చెప్పి ఇచ్చేయమన్నారే, అప్పుడు అందురికంటే ముందు పోయి ఇచ్చేసొచ్చినాడు. ఆ పొద్దు కడుపునిండా అన్నం తిన్నాడు. ఇంక దాన్ని తెచ్చుకోవద్దు నాయనా, లైసెన్సు పోతే పోనీ అన్న్యాను. సరే అన్నాడు. మాత్రలు వేసుకుంటా ఉండె. కొంచెం తేరుకున్న్యాడు గూడా."

ఆమె గది మూలనున్న బీరువా వైపు చూసింది.

"నాయనకు నిజంగా ప్రాణభయం ఉండె మామా. అందుకే దాన్ని ఆడ పెట్టినాడు."

గంగాధరం చేతిలో గ్లాసు పక్కకు ఒరిగింది. మజ్జిగ పంచె మీద ఒలికింది.  

"ఆ మెసేజి వచ్చిన పొద్దు నాకు ఫోన్ చేసినాడు," అంది పవిత్ర. "నవ్వుతా ఉండాడు మామా. అమ్మ పోయినాక నాయన నవ్వింది అదే. 'గంగాధరం పలికినాడు పాపా' అన్నాడు. పేరు లేదే నాయనా అంటే, 'పందుల భయం అనే మాట వానికీ నాకూ తప్ప ఎవురికి తెలుసు' అన్నాడు. 'వాడు నన్ను చేతకానోడు అనుకోకూడదు. పోయి తెచ్చుకుంటా. తెచ్చుకోని నేరుగా వాళ్ళింటికే పోతా, వాని ముందర పెట్టి కడుపారా తిడతా' అన్నాడు. నేను గూడా సరేలే అనుకున్న్యాను. మీ ఇంటికి వస్తే మీరు ఊరికే పంపరు గదా అనుకున్న్యాను."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేదని గంగాధరానికి అనిపించింది.

"వచ్చినాడా మామా?"

"రాలేదమ్మా," అన్నాడు గంగాధరం. "నేను పోవాల్సింది. వాడు రావాల్సిన పనేముండాది, నేను గదా పోవాల్సింది!"

ఆ మాట అంటూనే ఆయన ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, ఎవరు వింటున్నారో పట్టించుకోకుండా, హరినాథ్ పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు. పవిత్ర ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుంది. బయట షామియానా కింద కూర్చున్న రెండు సంఘాలవాళ్ళూ మాటలు ఆపి గుమ్మం వైపు చూశారు.