ఈగకి ఎత్తిన చెయ్యి

నిన్న రిహార్సల్లో సన్నాయిలాంటి పాశ్చాత్య వాద్యం ఓబో వాయించే అబ్బాయి, దాన్ని ఊదే పీకను నోట్లో పెట్టి తడుపుతుంటే, ఆ తడి రెల్లు వాసనకి ఆర్కెస్ట్రాను నడిపించబోయిన నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అది నాన్న సన్నాయి వాసన.

తెనాలిలో మాది భజంత్రీల ఇల్లు. నాన్నది సన్నాయి, బాబాయిది డోలు. నా ఎనిమిదో ఏట రేపల్లెలో ఒక పెళ్లికి వెళ్లాం. జనం అడ్డొచ్చి పంతులుగారు కనబడక, బాబాయి నన్ను బల్లెక్కించాడు.

"ఆయన చెయ్యెత్తగానే నువ్వూ ఎత్తమ్మా, గట్టిమేళం వేస్తాం. కదలకు!"

నా కాలు ఒకచోట నిలిచేది కాదు. ఎంతసేపని చూడను? పంతులుగారి చెయ్యి లేచింది. నేనూ ఎత్తేశాను. మేళం హోరెత్తింది, అక్షింతలు పడ్డాయి. ఆయన తోలుకున్నది ఈగని!

"ఏంటయ్యా, తాళి కట్టకుండానే!" పెళ్లికూతురి తండ్రి కేకేశాడు.

మొదలైన గట్టిమేళం తాళి పడకుండా ఆగితే అశుభమని మావాళ్ల నమ్మకం. అందుకే నాన్న ఆపలేదు. ముహూర్తం దాకా, కళ్లు ఎర్రబడేలా ఊదుతూనే ఉన్నాడు.

తిరుగు రైల్లో "నాన్నా, కోపమొచ్చిందా?" అని ఎన్నిసార్లడిగినా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. వేమూరు దాటేదాకా ఏడ్చాను.

ఆ రోజు పెదవులు చిట్లి నాన్నకి మాట రాలేదని బాబాయి చెప్పింది నేను పెద్దయ్యాకే.

ఇప్పుడు నా చేతికేసి నలభైమంది చూస్తుంటారు. చెయ్యెత్తే ముందు నేను వాళ్లలో ఊదేవాళ్ల పెదవులకేసి చూస్తాను.