నాన్న నరికిన నందివర్ధనం

మొన్న ఆదివారం, ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, సర్కండాలో మా కాలనీ పనులు చూసే కుర్రాడు, మన తెలుగువాళ్ళ పిల్లాడే, గేటు దగ్గర నిలబడి "అచ్ఛా మామ్మా, ఈ పేడ్ తీయించేస్తాను, కార్లకి అడ్డొస్తంది" అని నవ్వుతూ చెప్పేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పేడ్, అంటే చెట్టు, అన్నది నా నందివర్ధనాన్ని. ఈ వయసులో ఇంత కోపమేమిటని కోడలు నన్ను లోపలికి లాక్కుపోయింది గాని, ఆ కోపం ఈనాటిది కాదు, దొరల కాలం నాటిది.

అప్పట్లో మా నాన్న రైలింజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్. డ్యూటీ దిగి ఇంటికొస్తే కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. అమ్మ బొబ్బిలి వైపు పుట్టింటి నుంచి తడిగుడ్డలో చుట్టి రైల్లో తెచ్చిన కొమ్మ, మా రైల్వే క్వార్టరు ముందు గుబురుగా ఎదిగి, ఎంత ఎండలోనైనా తెల్లగా విరగబూసేది. కళ్ళ మంట తగ్గాలని అమ్మ ఆ పూలు చన్నీళ్ళలో వేసి నాన్న మూసిన రెప్పల మీద పరిచేది. చూపు పరీక్ష తప్పితే ఇంజను మీంచి దింపేస్తారు, డ్రైవరు కావాలన్న ఆశ అంతటితో సరి. అందుకే మా ఇంట్లో నాన్న కళ్ళకు సరిపోయాకే దేవుడికి పూలు.

అలాంటి చెట్టును, క్వార్టర్ల తోటల తనిఖీకి వచ్చిన దొర ఒకడు అడవిమొక్క అని వెక్కిరించి, తీసేసి విలాయతీ పూలు వేయమంటే, నాన్న వెంటనే గొడ్డలి అందుకున్నాడు. "చెట్టేటి చేసిందండీ మిమ్మల్ని?" అని అమ్మ అడ్డం వస్తే, "క్వార్టరు ఖాళీ చెయ్యమంటే ఎక్కడుంటాం, దీని కిందేటి?" అని అరిచాడు. దొర మీద కోపం దొరతోనే పోయింది. ఆ గొడ్డలి పట్టిన చేతి మీద మాత్రం నాకింకా పోలేదు.

విలాయతీ పూలు హోళీ దాటకుండానే మాడిపోయాయి. ఆ వేసవంతా నాన్న కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని మూలుగుతుంటే, బాగా అయింది అనుకున్నాను, ఇప్పటికీ ఆ మాటే అంటాను. తొలకరికి మోడు చిగిర్చింది. తనిఖీ అన్నప్పుడల్లా అమ్మ దాని మీద పాత గంప బోర్లించేది. మళ్ళీ పూసిన మొదటి పూలను, ఒక్క దెప్పుమాటైనా అనకుండా, నరికినవాడి కళ్ళ మీదే పెట్టింది. అందుకు అమ్మ మీద కూడా నాకు కోపమే. నాన్న డ్రైవరయ్యాడు గాని, ఆ చెట్టు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

నా గేటు దగ్గరున్నది దాని కొమ్మే. ఇప్పుడు దొరలు లేరు, హుకుములూ లేవు, మనవాళ్ళే నవ్వుతూ మామ్మా అని పిలిచి మరీ చెబుతున్నారు. నాన్న కనీసం మోడు వదిలాడు. ఈ కుర్రాడు మోడు మీద కూడా సిమెంటు పోయిస్తాడట. ఇక నేను గంప దేని మీద బోర్లించను?