ముందు తలుపు పడవ, పక్క తలుపు పడవ

ఎండలో నిలిపిన కారు తలుపు తీయగానే ముఖాన కొట్టే వేడి రెగ్జిన్ వాసన ఇప్పటికీ నన్ను రువైస్ నుంచి అబుదాబి దాకా సాగే ఆ పొడవాటి రోడ్డు మీదికి, దాని చివర పడవలమ్మే యార్డులో దిమ్మెల మీద నిలబెట్టిన రెండు పడవల దగ్గరికి లాక్కుపోతుంది.

నాన్న రువైస్ రిఫైనరీలో ఇంజనీరు. అక్కడే పనిచేసే ఎదురింటి శంకర్ అంకుల్‌ది కరీంనగర్. ఆయన కూతురు స్వప్న, నేను ఆరో తరగతి. వాళ్ళ సర్వపిండి సగం మా ఇంటికి, మా పులిహోర సగం వాళ్ళింటికి నడిచి వెళ్ళేవి. ఏటా వేసవి సెలవులకు ముందు ఎవరో ఒకరి సామాను లారీకెక్కే ఊరది. రెండేళ్ళలో ముగ్గురు స్నేహితురాళ్ళు అలాగే పోయారు. అందుకే చలికాలం మొదట్లో రెండిళ్ళూ కలిసి షికార్లకి పాంటూన్ పడవ కొందామనుకున్నప్పుడు మేమిద్దరం ఎగిరి గంతేశాం. ఉమ్మడి పడవ ఉన్నాక ఎవరూ ఊరు విడిచిపోరని మా నమ్మకం.

రెండు లోహపు గొట్టాల మీద పరిచిన చదునైన బల్ల, చుట్టూ కమ్మీలు, సీట్లు, పైన గుడ్డ పందిరి. కోనసీమలో పుట్టిన నాన్న చూడగానే "ఓర్నీ, ఇది మన పంటే!" అన్నారు, గోదావరి దాటించే పంటు గుర్తొచ్చి. యార్డులో ఉన్న రెండూ అచ్చం ఒకటే. ఒకదానికి తలుపు ముందు, రెండోదానికి పక్కన.

"గట్టుకి ముక్కు ఆనించి దిగిపోవడమేనండీ. పంటంటే తలుపు ముందే ఉండాలి," అనేవారు నాన్న.

"గట్టేడుందన్నా ఈడ? జెట్టీ పక్కకుంటది. పక్క తలుపే మంచిగుంటది," అనేవారు అంకుల్.

"దోనో సేమ్ హై భాయ్, యల్లా, ఏక్ లేలో," అనేవాడు యార్డు నడిపే కేరళ మలబారీ, రెండూ ఒకటే, ఏదో ఒకటి తీసుకోండని.

శుక్రవారం శుక్రవారం వెళ్ళేవాళ్ళం. పెద్దవాళ్ళు టేపుతో కొలుస్తుంటే, మేం పందిరి కింద పులిహోర పొట్లాలు విప్పి, కదలని స్టీరింగు తిప్పుతూ, కాళ్ళ కింది ఇసుకలో చేపలు చూపించుకునేవాళ్ళం. చివరికి నాన్నే పక్క తలుపుకి ఒప్పుకున్నారు. తీరా బయానా ఇవ్వబోతే అమ్మ అడ్డం పడింది.

"మూఢం నడుస్తోందండీ. కొత్త బండి కొంటామా ఏంటి ఇప్పుడు?"

నీళ్ళ మీద తిరిగేది బండేనా అని అంకుల్ నవ్వారు గానీ, ఆంటీ కూడా అమ్మ వైపే. ఆగాం. చమురు ధర పడిపోయిన ఏడాది అది. మూఢం వెళ్ళిన సాయంత్రమే అంకుల్ మా గుమ్మంలో చెప్పులు విప్పకుండా నిలబడి, "కొలువు తీసేసి కాయితమిచ్చిన్రు. ఖలాస్ అన్నా," అన్నారు. నాకు అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. వారం రోజులు మాట్లాడలేదు.

అయినా ఆ శుక్రవారం వెళ్ళాం, పులిహోర అప్పటికే కలిపేసి ఉంది. ముందు తలుపు పడవ అమ్ముడైపోయింది. ఇక ఎంచుకునే బాధే లేదు, కొనే ఇళ్ళే రెండు లేవు. మిగిలినదాంట్లో కూర్చుని తిన్నాం. స్వప్న పక్క తలుపులోంచి దిగింది.

ఇప్పుడా యార్డు చోట టైల్స్ గోదాము ఉంది. స్వప్న జాడ నాకు తెలియదు. మీరెప్పుడైనా కలిసి పడవ షికారు వెళ్ళారా అని ఎవరైనా అడిగితే, ఒక చలికాలమంతా వెళ్ళామనే చెబుతాను. నీళ్ళే లేవు.