డీఏపీ గింజలు ఏరిన పూట

ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు వేసేవాళ్లలో ఒక శాస్త్రవేత్త పరిశోధనను కాపాడినవాణ్ని నేనొక్కణ్నే. మార్కెట్ యార్డు దగ్గర ఛాయ్ తాగుతూ అందరికీ ఇలాగే చెబుతుంటాను. నిజానికి కాపాడింది కూలికొచ్చిన ఆడవాళ్లు. పాడు చెయ్యబోయిందీ వాళ్లే. నేను గొడుగు పట్టాను.

ఆ శాస్త్రవేత్త ముప్కాల్ అమ్మాయి. నా చేనులో నాలుగు సాళ్లు అడిగి తీసుకుంది. పసుపు వేళ్లకు సన్నని బూజు పోగులు అల్లుకుని, వేరు అందుకోలేని చోటు నుంచి భాస్వరం తెచ్చిస్తాయట. బదులుగా మొక్క తన ఆకుల్లో తయారైన చక్కెరను వాటికి పెడుతుందట. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎంతెంతో తేల్చడమే ఆమె పని.

"తాతా, గీ సాళ్లకు డీఏపీ తగలొద్దు. భాస్వరం ఊకెనే దొరికితే మొక్క బూజుకు పెట్టుడు బంద్ జేస్తది. నా ఏడాది పని మట్టిల గలుస్తది," అంది.

కూలీలకు చెప్పాను. కానీ మా దగ్గర ఎరువు వేసేవాళ్లు సంచి అడుగున మిగిలింది వెనక్కి మోసుకురారు. పాలిపోయిన మొక్కల మొదట్లో వేసేస్తారు. అన్నిటికన్నా పాలిపోయి కనపడ్డవి ఆ నాలుగు సాళ్లే.

"ఆకలి మీదున్నయి చాచా, జర పెట్టినం. పాపం గాదా?" అంది కూలీల పెద్ద.

"నీ పాపం పాడుగాను! గా బిడ్డ సదువుకే ఎసరు పెట్టినవ్!"

అప్పుడే వచ్చిన ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఆమె మబ్బు చూసింది, వంగి మట్టి ముట్టుకుంది. "పై మట్టి పొడిగనే ఉంది. గింజలు ఇంక కరగలే. ఏరుదాం."

"ఏరుడా! పొద్దుగాల చల్లుడు, ఇప్పుడు ఏరుడు. మాపటికి మళ్ల చల్లుమంటవా చాచా?" అని నవ్వుతూనే ఆడవాళ్లంతా సాళ్లలో కూర్చున్నారు.

నేను ఒక సాలంతా ఏరాను. సాలంతా ఎక్కడ, నాలుగు మొక్కల దాకా. తరవాత మోకాళ్లు ఒప్పుకోలేదు. చినుకు మొదలవగానే ఇంకా ఏరని గింజల మీద గొడుగు పట్టాను. మూడు సాళ్లు అయ్యాయి. నాలుగోది సగంలో ఉండగా వాన దంచి కొట్టింది.

"ఎవ్వలు జూస్తరు బిడ్డా, గీ సాలు గూడ లెక్కల కలిపెయ్," అన్నాను.

"కలుపను తాతా. గిండ్ల మొక్క బూజుకు పెట్టదు. కలిపితే నా లెక్కంత అబద్ధమైతది. గీ సాలు వదిలేస్తున్న. మూడున్నయి గద."

తడుస్తూనే ఆ సాలు చుట్టూ కర్రలు పాతింది. కూలీల పెద్ద ఒక్కొక్క కర్రనూ కదలకుండా పట్టుకుంది.

పసుపు తవ్వినప్పుడు ఆ వదిలేసిన సాల్లోనే దుంప బాగా ఊరింది. దాన్ని ఉడకబెట్టి నేను అమ్ముకున్నాను. ఆమె మిగతా మూడింటి వేళ్లను మట్టితో సహా డబ్బాల్లో సర్దుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయింది.