మా మరదలి చిప్స్‌కి నేను వేసిన చుక్కలు

ఆ రోజుల్లో నేను బాగా చిన్నదాన్ని. వయసుకి కాదు, వయసుకి అరవై ఆరు నిండాయి, ఫోనుకి చిన్నదాన్ని. వేలితో తోసే ఫోను నా చేతికి వచ్చింది జూన్ పద్నాలుగు, శుక్రవారం (పెట్టె మీద రాసి పెట్టుకున్నాను). కొత్తగా పాకడం వచ్చిన పిల్ల నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకున్నట్టు, కొనుగోళ్ళ యాప్‌లో కనబడిందల్లా కొనేశాను. ప్రతి వస్తువు కిందా పసుపుపచ్చ చుక్కలు ఐదు. వాటి కింద వందల మంది సాక్ష్యం: సూపర్, అద్భుతం, మా ఇంటిల్లిపాదికీ నచ్చింది. ముక్కూ మొహం తెలియని ఇంతమంది నా కోసం కూర్చుని అబద్ధం ఎందుకు రాస్తారు అనుకున్నాను. చెప్పాను కదా, చిన్నదాన్ని.

మొదట దుప్పటి వచ్చింది. పొడవు తొంభై అంగుళాలని రాశారు. తెనాలిలో ముప్పయ్యేళ్ళు ఆడపిల్లలకి కుట్టుపని నేర్పినదాన్ని, టేపు పెట్టకుండా దుప్పటి మడత విప్పుతానా? ఎనభై నాలుగు. ఉతికితే ఎనభై ఒకటి. మా ఆయన మెడ దాకా కప్పుకుంటే పాదాలు బయట, పాదాలు కప్పుకుంటే గుండె బయట. తరవాత అట్లకాడ. దోసె తిరగేద్దామని దాని కింద దూర్చి లేపితే దోసె పెనం మీదే ఉంది, అట్లకాడ తిరగబడింది. వెనక్కి పంపుదామంటే ఫోనులో ఎవరో అమ్మాయి "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అంటూ పాట పెట్టి పోయింది. ఆ పాట అయ్యేలోపు నేను కూరగాయలు తరిగి, అన్నం వార్చి, మా ఆయనకి వడ్డించాను కూడా.

అప్పుడే నేనూ రివ్యూలు రాయడం మొదలుపెట్టాను. నాకు వంకర మాటలు రావు, ఉన్నది ఉన్నట్టు రాస్తాను. "చెప్పిన పొడవు ఇంత, ఉన్న పొడవు ఇంత, ఉతికాక ఇంత. రంగు మొదటి నీళ్ళలో సగం పోయింది. ఒక చుక్క. ఆ చుక్క కూడా వేస్తేనే గాని రాయనివ్వట్లేదు కాబట్టి వేశాను." నెల తిరిగేసరికి నా రివ్యూలు ఉపయోగపడ్డాయని వందల మంది మీట నొక్కారు. వీధిలో ఆడవాళ్ళు ఏదైనా కొనాలంటే ముందు మా గుమ్మంలోకి రావడం మొదలుపెట్టారు. "పిన్నిగారూ, ఈ మిక్సీ కొనమంటారా?" అని ఫోను నా మొహం ముందు పెట్టేవారు. నేను కళ్ళజోడు సర్దుకుని తీర్పు చెప్పేదాన్ని. (మా ఆయన అరుగు మీద కూర్చుని "జడ్జిగారు బెంచీ ఎక్కారు, కాఫీ మనమే పెట్టుకోవాలి" అని ఎవరికో చెబుతున్నట్టు గాలికి చెప్పేవారు.)

ఆ సమయంలోనే రేపల్లెలో ఉన్న మా తమ్ముడి ఫోటో స్టూడియో మూతపడింది. అందరి చేతుల్లోనూ కెమెరాలుంటే స్టూడియోకి ఎవరొస్తారు? తమ్ముడు నెల రోజులు గోడ వంక చూస్తూ కూర్చున్నాడు. మా మరదలు కూర్చోలేదు. చేతి గాజులు రెండు అమ్మి నూనె డబ్బాలు, మూకుళ్ళు కొంది. కొల్లూరు లంకల నుంచి అరటికాయ గెలలు దింపించింది. చిప్స్ వేయించి, పొట్లాలు కట్టి, నేను తీర్పులు చెప్పే ఆ యాప్‌లోనే అమ్మకానికి పెట్టింది. బొమ్మలు మా తమ్ముడే తీశాడు. స్టూడియోలో మిగిలిపోయిన జలపాతం తెర ముందు స్టూలు వేసి, దాని మీద చిప్స్ పళ్ళెం పెట్టి, పెళ్ళికూతురికి కొట్టినట్టు రెండు వైపుల నుంచీ లైట్లు కొట్టాడు. ఆ వ్యాపారం నిలబడితే ఇల్లు నిలబడుతుంది. లేకపోతే ఇంకో రెండు గాజులున్నాయి, వాటి తరవాత ఏమీ లేదు.

కొత్త సరుకుకి చుక్కలు లేకపోతే ఎవరూ కొనరని ఎవరో చెప్పారట. మరదలు బంధువులందరికీ ఫోన్లు చేసింది. బంధువులు ఒక్కరు కూడా వెనకాడలేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. మనవాళ్ళకి మనవాళ్ళతో మాట్లాడటం వచ్చుగాని, ఊరూ పేరూ తెలియనివాళ్ళ కోసం రాయడం రాదు. బాపట్ల నుంచి ఆమె అక్క కూతురు రాసింది: "పిన్నీ, చిప్స్ ఇంకా రాలేదు. వచ్చాక తింటాం. చాలా బాగున్నాయి." వేటపాలెంలో ఉన్న మా చెల్లెలు రాసింది: "మరదలా, బ్రహ్మాండం. తమ్ముడు బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా?" ఇంకొకావిడ: "షుగరు వల్ల నేను తినలేదండి. మావారు కూడా తినలేదండి. రుచి అమోఘం." వాళ్ళ గుడి పాస్టరమ్మగారు ఐదు చుక్కలూ వేసి, "దేవుడు నీ చేతి పనిని దీవించును గాక. పోయిన ఆదివారం ఆరాధనలో కనబడలేదేం?" అని అడిగారు. దాని కింద మా మరదలు "జ్వరం అండి" అని జవాబు కూడా ఇచ్చింది. ఇవన్నీ దేశమంతా చూసే చోట. చివర్లో ఎవరో పరాయివాడు ఒక ముక్క రాశాడు: "ఇది దుకాణమా, పెళ్ళి బంతి భోజనమా?"

పరాయివాళ్ళ ఆర్డర్లు రాలేదు. మరదలు మాత్రం రోజూ నాకే ఫోను. "అందరూ రాశారు వదినా. సొంత ఆడపడుచు రాయకపోతే ఏం బాగుంటుంది చెప్పండి?"

"పొట్లం రానీవే అమ్మాయ్. చూడకుండా ఎలా రాయను?"

"అందరూ చూసే రాశారా ఏంటి?"

పొట్లం వచ్చింది. మామగారి కిరాణా కొట్టు మూసేశాక మిగిలిన త్రాసు, తూకపు రాళ్ళు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. తూచాను. రెండు వందల గ్రాములని రాసి ఉంది, నూట ఎనభై ఎనిమిది తూగింది. పైన చిప్స్ కరకరలాడాయి, అడుగున మెత్తబడ్డాయి. ఉప్పూ కారం బాగున్నాయి. ఉన్నది ఉన్నట్టు రాసి, మూడు చుక్కలు వేశాను. నిజం చెబుతున్నాను, మూడు వేయడం నా దృష్టిలో మంచి మర్యాదే. అంతకు ముందు ఎవరికీ రెండు దాటలేదు.

గంటలో మా ఇంట్లో ఈగలు ముసిరినట్టు ఫోన్లు. చెల్లెలు "నీ ఒంట్లో రక్తం ఉందా, కొలిచే టేపు ఉందా?" అంది. మరదలు ఏడవలేదు, అరవలేదు. "వదినా, పాతికేళ్ళుగా నా కూరలో ఉప్పు చూసి చెబుతూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను. అది వంటింట్లో మాట. ఇప్పుడు బజార్లో దండోరా వేయించారు" అని పెట్టేసింది. రెండో రోజుకి నా రివ్యూ మాయమైపోయింది. అది నమ్మదగినదిగా లేదని చాలామంది ఫిర్యాదు చేశారట. ఆ చాలామంది ఎవరో నాకు కనుక్కునే పని లేకుండా మా చెల్లెలే గర్వంగా చెప్పింది: "అందరం కలిసే నొక్కాం అక్కా." రానే రాని చిప్స్ చాలా బాగున్నాయన్న మాట అక్కడే ఉంది. తూచి రాసిన మాట దొంగదని తీసేశారు.

ఇంకో వారానికి తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, పాత పొట్లాలే కదల్లేదు. రేపు కొల్లూరు నుంచి మళ్ళీ గెలలొస్తాయి. వద్దనేద్దామంటోంది. మూకుళ్ళు కూడా అమ్మేద్దామంటోంది. నువ్వోసారి వస్తావా?"

మర్నాడు పొద్దున్నే రేపల్లె రైలెక్కాను. సంచీలో చీర ఒకటి, కిలో రాయి ఒకటి, అరకిలో రాయి ఒకటి. ఎదురు సీట్లో అమ్మాయి నా సంచీ పైన పెట్టబోయి, "ఏంటండీ పిన్నిగారూ, రాళ్ళేమైనా తీసుకెళ్తున్నారా?" అంది. "రాళ్ళేనమ్మా" అన్నాను. ఆ అమ్మాయి సంచీ నెమ్మదిగా కింద పెట్టి, కిటికీ పక్కకి జరిగి కూర్చుంది.

మరదలు మంచినీళ్ళిచ్చింది గాని మాట్లాడలేదు. నేనూ సంజాయిషీ చెప్పలేదు, చెప్పవలసిన తప్పేమీ నేను చేయలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళి, "నువ్వు దేని మీద తూస్తున్నావే?" అన్నాను. అరచేయంత అద్దాల కాటా చూపించింది. అంకెలు వెలుగుతున్నాయి, ముచ్చటగా ఉంది. దాని మీద నా కిలో రాయి పెట్టాను. వెయ్యీ అరవై నాలుగు గ్రాములని చూపించింది. తీసి మళ్ళీ పెట్టాను. అంతే.

మరదలు మొహం పాలిపోయింది. "అంటే... ఇది రెండొందలని చూపిస్తే నిజంగా..."

"నూట ఎనభై ఎనిమిది."

"నేను జనానికి తక్కువ తూచానా వదినా?"

"నువ్వు కాదు, ఇది. ఎక్కడ కొన్నావు?"

"అక్కడే. నాలుగు వేలమంది బాగుందని రాశారు వదినా! ఒక్కరు కూడా వంక పెట్టలేదు!"

"కాటా అమ్మేవాడికి మాత్రం వదినలూ పిన్నులూ ఉండరా?" అన్నాను.

మరదలు పొయ్యి గట్టు మీదున్న తన ఫోను వంక చూసింది. నా వంక చూసింది. ముందు మూతి బిగించుకుంది, తరవాత ఆగలేక పకపకా నవ్వింది. "'జ్వరం అండి' అని రాశాను వదినా! ఎవడో హైదరాబాదులో చదివి ఉంటాడు!" అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు నాకూ తెలియలేదు.

పొట్లాలు అతికే మిషను కూడా అక్కడ కొన్నదే, అదీ ఐదు చుక్కలదే. సైకిలు ట్యూబుకి పంచరు చూసినట్టు, పొట్లం బేసిన్ నీళ్ళలో ముంచి నొక్కాను. ఒక మూల నుంచి బుడబుడమని బుడగలొచ్చాయి. అడుగు మెత్తబడటానికి కారణం దొరికింది. తమ్ముడు సాయంత్రమే బజారుకెళ్ళి, సర్కారు ముద్ర వేసిన కాటా, కొట్టువాడి చేత నాలుగు పొట్లాలు అతికించి చూసి మరీ కొత్త మిషనూ పట్టుకొచ్చాడు. గెలలు వద్దనలేదు. మర్నాడు ముగ్గురం కూర్చుని కాయలు తొక్క తీశాం. బంధువులకి మరదలే ఫోను చేసి రివ్యూలు తీసెయ్యమంది. పెట్టడం వచ్చినవాళ్ళెవరికీ తీయడం రాలేదు. (ఆ పాస్టరమ్మగారి దీవెన ఇప్పటికీ ఉంది. అదైనా ఉండనీ అన్నాను.)

రెండు నెలలయ్యాక, ఎవరికీ చెప్పకుండా నా ఫోను నుంచే ఒక పొట్లం తెప్పించుకున్నాను. తూచాను. రెండు వందల ఆరు. నీళ్ళలో ముంచాను, బుడగ లేదు. విప్పి పైన ఒకటి, మధ్యలో ఒకటి, అడుగున ఒకటి తీసి తిన్నాను. అడుగుది విరిచిన చప్పుడుకి వరండాలో మా ఆయన తలెత్తారు. ఇక వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఆ సాయంత్రమంతా కూర్చుని రివ్యూ రాశాను. పొగడటం అలవాటు లేని చెయ్యి కదా, నాలుగు వాక్యాలకి నాలుగు సార్లు కొట్టేశాను. ఐదు చుక్కలు వెలిగించాను, జీవితంలో మొదటిసారి. మీట నొక్కాను. ఎర్ర అక్షరాలొచ్చాయి: ఫిర్యాదుల కారణంగా ఈ ఖాతా నుంచి రివ్యూలు స్వీకరించబడవు.

నా రాతలో తప్పేమోనని మాటలు మార్చి మళ్ళీ నొక్కాను. "అద్భుతం" తీసేసి "బాగుంది" అని పెట్టి నొక్కాను. మా ఆయన వెనక నుంచి తొంగిచూసి, "ఎవరికి చెప్పాలని ఇంత తాపత్రయం? ఆ పిల్లకే కదా? ఆ పిల్లకి ఫోను లేదా?" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన పనికొచ్చే మాటల్లో అదొకటి.

ఫోను చేశాను. "నీ చిప్స్‌కి ఐదు చుక్కలు వేశానే. వాళ్ళు తీసుకోలేదు. నువ్వు తీసుకో."

"ఉండండి వదినా, స్పీకరు పెడతాను, మీ తమ్ముడు కూడా వినాలి. ఆఁ, ఇప్పుడు మళ్ళీ చెప్పండి."

ముందు గొంతు సవరించుకున్నాను. తరవాత బరువు, కరకర, ఉప్పు, కారం, అతుకు అన్నీ వరసగా చెప్పి ఐదు అన్నాను. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. మరదలు మాత్రం, "బరువెంతన్నారూ? రెండొందల ఆరా? ఆరు గ్రాములు ఊరికే పోతున్నాయన్నమాట! రేపట్నుంచి చూసుకుంటాను" అంది.

ఇప్పుడు ఆ సాయంత్రం గుర్తొస్తే, కళ్ళజోడు ముక్కు మీదకి జారి, చీకటి పడుతున్నా లైటు వేసుకోకుండా, ఒప్పుకోని మీటని పదే పదే నొక్కుతున్న ఆ అరవై ఆరేళ్ళ చిన్నపిల్ల కనబడుతుంది. దాని నుదుటి మీద వెంట్రుకలు సర్ది, పక్కన కూర్చుని, ఊళ్ళో వాళ్ళంతా చదవకపోతే ఏమైందే పిచ్చిదానా అనాలనిపిస్తుంది. అంటే మాత్రం వింటుందా? ఇంకోసారి నొక్కి చూస్తుంది.