మూడు సెకన్ల గడువు

మా వీధిలో అందరూ ఆమెను వైరమ్మ అంటారు. సెల్‌ఫోన్లు బాగుచేస్తుంది. మెడలో ఎప్పుడూ ఒక ఛార్జర్ వైరు వేలాడుతుంటుంది, పేరు అలా వచ్చింది. పక్క కొట్లో బట్టలు కుట్టేదాన్ని నేను. ఇద్దరి మధ్యా ఒక చెక్క గోడే అడ్డు కాబట్టి, ఆమె కోపం ఇరవై ఏళ్లుగా నాకు ఉచితంగా వినబడుతోంది.

ఆమెకు ఆగడం తెలీదు. ఎవరైనా "నా ఫోను..." అనేలోపే "నీళ్లలో పడిందా, ఇటివ్వు" అంటుంది. ఆమె తమ్ముడికేమో నత్తి. మొదటి మాట బయటికి రావడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది, వచ్చాక చక్కగా మాట్లాడతాడు. కొట్లో ఫోన్లు అతనే ఎత్తేవాడు. ఆరేళ్ల కిందట ఒకరోజు జనం ముందే అతని చేతిలోంచి ఫోను లాక్కుని, "నువ్వు నోరు తెరిచేసరికి అవతలోడు ముసలోడైపోతాడు" అంది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే అతను బట్టలు సర్దుకుని వెళ్లిపోయాడు, నంబరు మార్చేశాడు.

అప్పట్నుంచి అతని స్టూలు మీద ఎవర్నీ కూర్చోనివ్వదు. పైకి అనదు గానీ తమ్ముడికోసం ఆమె ప్రాణం కొట్టుకుంటుందని నాకు తెలుసు.

తర్వాత మోసం ఫోన్లు మా మీద పడ్డాయి. ఎదురింటి పంతులమ్మగారు మోసపోయి మంచం పట్టారు. వైరమ్మకు పట్టుదలొచ్చింది. ఫోన్ను కంప్యూటరుకు కలిపి ఒక ప్రోగ్రాం రాసింది. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే గంట మోగకముందే కంప్యూటరు ఎత్తి, ఆమె గొంతుతో "హలో, చెప్పండి" అంటుంది. మోసగాళ్ల యంత్రం ఒకేసారి పదిమందికి ఫోన్ చేస్తుందట, ఎవరైనా ఎత్తాకే మనిషి లైన్లోకి వస్తాడట. అందుకే మొదట కాసేపు నిశ్శబ్దం. మూడు సెకన్లలో మాట వినబడకపోతే కంప్యూటరు ఠక్కున కట్ చేసి, నంబరు రాసుకుని, విన్న శబ్దం దాచిపెడుతుంది. చుట్టుపక్కల కొట్లవాళ్లమంతా మా గొంతులతో పెట్టించుకున్నాం. పిట్ట కొంచెం కూత ఘనం అని మెచ్చుకున్నాం.

రెండేళ్లకు, ఆయాసంతో బాధపడే పెద్దావిడ ఒకామె నా కొట్టుకొచ్చి, ఎన్నిసార్లు ఫోన్ చేసినా మొహం మీదే పెట్టేస్తున్నావని విరుచుకుపడింది. వైరమ్మకు చెప్పాను. తన పనిలో తప్పుందంటే ఒప్పుకునే మనిషి కాదు. కట్ అయ్యేవన్నీ మోసగాళ్లవేనని రుజువు చేస్తానని తన కంప్యూటర్లో జాబితా తెరిచింది. వందల నంబర్ల మధ్య ఒకటి మళ్లీ మళ్లీ కనబడింది. ప్రతి నెలా మొదటి ఆదివారం, పొద్దున పదకొండింటికి. పందొమ్మిది సార్లు.

"మోసగాడికి ఇంత ఓపికేంటి వదినా?" అంటూ, కంప్యూటరు దాచిన శబ్దం పెట్టింది.

ముందు ఆమె గొంతు, "హలో, చెప్పండి." తర్వాత ఒక ఊపిరి. "అ... అ..." అంతే, కట్.

పందొమ్మిదీ విన్నది. ఒక్కదాంట్లోనూ "అక్కా" పూర్తి కాలేదు.

"పూర్తి మాట కాకపోతే చప్పుడు కింద లెక్కెయ్యమని నేనే రాశాను," అంది.

ఆఖరిది ఐదు నెలల కిందటిది. వెంటనే ఆ నంబరుకు చేసింది. వాడుకలో లేదని వచ్చింది.

"నేనే పెట్టేశాననుకుని ఉంటాడు."



మా ఫోన్లలో గడువు పదిహేను సెకన్లకు పెంచింది. తన ఫోనుకు మాత్రం కంప్యూటరు వైరు పీకేసింది. ఇప్పుడు ఊళ్లో మోసగాళ్లంతా ఆమెకే ఫోన్ చేస్తారు. ప్రతిదీ ఎత్తుతుంది. అవతల నిశ్శబ్దంగా ఉంటే, "తొందరేం లేదురా. మెల్లగా చెప్పు. వింటున్నా" అంటుంది. ఆ మాట చెక్క గోడ ఇవతలికి వినబడగానే నేను మిషను ఆపేస్తాను. ఆ రోజు నవ్వినదాన్ని కదా.

కాసేపటికి ఎవడో, "మేడం, మీకు బహుమతి వచ్చింది" అని మొదలుపెడతాడు. ఒకప్పుడైతే వాడి ఏడు తరాల్నీ తిట్టేది. ఇప్పుడు వాడు చెప్పేదంతా పూర్తిగా విని, అప్పుడు పెట్టేస్తుంది.